గుమ్మం పైన ఏడు వాక్యాలు

మూడు రోజులుగా మా అత్తయ్యా, మా ఆయనా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసి, ఇద్దరూ నాతోనే మాట్లాడుతున్నారు.

"ఆ చట్రం మీద చెయ్యి వేశాడంటే నేను అన్నం మానేస్తానని వాడికి చెప్పు," అంది అత్తయ్య. ఆమెకు మూరెడు దూరంలో పీట మీద కూర్చుని మా ఆయన టీ తాగుతున్నాడు.

"అన్నం మానెయ్యక్కర్లేదు. చట్రం ఎక్కడికీ పోదు. ఈ గోడ మీంచి ఆ గోడ మీదికి మారుతుంది, అంతే అని అమ్మకి చెప్పు," అన్నాడాయన.

నేను చేటలో బియ్యం ఏరుకుంటూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరికీ వినపడుతూనే ఉంది కదా.

మాది వంటసామాను అద్దెకిచ్చే కొట్టు. వీధివైపు గది కొట్టు, దాని వెనక వాకిలి, వాకిలి దాటితే ఇల్లు. పదిమందికి సరిపోయే చట్టి నుంచి ఐదువందల మందికి వండే గుండిగ దాకా, గంగాళాలు, బిందెలు, బకెట్లు, మనిషంత గరిటెలు, అన్నీ మా మామగారు కూడబెట్టినవి. ఆయన పోయి రెండేళ్ళయింది. చట్రం కూడా ఆయన పెట్టిందే. తెల్లకాగితం మీద నల్లటి అరబ్బీ అక్షరాలతో ఖురాన్‌లోని ఒక చిన్న సూరా, అంటే అధ్యాయం, ఏడు వాక్యాలు. అలాంటివి అందరూ తాము కూర్చునే చోట, తల వెనక గోడకి తగిలించుకుంటారు, వచ్చినవాళ్ళకి కనపడాలని. మామగారు మాత్రం గుమ్మం పైన లోపలివైపు కొట్టించారు. లోపలికి వచ్చేవాళ్ళకి అది వీపు వెనక ఉంటుంది. కూర్చున్నవాడికే ఎదురుగా కనిపిస్తుంది.

"నాన్నకి మేకు దిగే చోటు అక్కడ దొరికుంటుంది. దానికింత రాద్ధాంతమా?" అన్నాడు మా ఆయన. "కొట్టుకి రంగు వేయిస్తున్నాను. చట్రాన్ని నా వెనక పెట్టి పైన చిన్న బల్బు పెడితే ఎంత నిండుగా ఉంటుంది! హాలు మేనేజరు చూస్తే ముచ్చటపడాలి."

"బల్బు కూడానట," అంది అత్తయ్య నాతో.

ఆ మేనేజరు కోసమే ఈ హడావిడంతా. ఆ వేసవి నీళ్ళు లేక పెళ్ళిళ్ళన్నీ ఆగిపోయాయి. కుళాయిలు ఎండిపోయి నెల దాటింది. మా వీధికి నాలుగు రోజులకోసారి ట్యాంకరు వచ్చేది. కొట్టులో సామాను బోర్లించింది బోర్లించినట్టే ఉండిపోయింది. సొంత బోరుబావి ఉన్న ఒకే ఒక్క పెద్ద హాలులో మాత్రం పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. వాళ్ళు సీజనంతా మా సామాను మొత్తం తీసుకుంటామన్నారు. అన్నీ కొత్తగా కళాయి వేసి ఉండాలి, ఒక్క సొట్ట కూడా ఉండకూడదు. ఫలానా రోజు వాన్ వచ్చి తీసుకెళ్తుంది. ఇది కుదిరితే ఆ ఏడాది గట్టెక్కుతాం, లేకపోతే కొట్టుకి తాళమే.

అందుకే మా ఆయన ఒక నియమం పెట్టాడు. వాన్ వచ్చేదాకా గడప దాటి గరిటె కూడా పోకూడదు.

*

ఆ నియమాన్ని నిలబెట్టింది నేనే.

ఒక మధ్యాహ్నం నమాజు చేస్తున్నాను. చిన్నప్పటి నుంచీ నాకు నోటికొచ్చిన సూరాలు ఆరో ఏడో. పొయ్యి మీద పాలు లేకపోతే కాస్త పెద్దది చదువుతాను. పాలుంటే మాత్రం "అరఅయ్‌తల్లజీ" అని మొదలయ్యేదే. కొట్టులో చట్రం కట్టిన సూరా అదే. నాలుక తనంతట తానే చదివేస్తుంది, నేను పాలు చూసుకోవచ్చు.

సలాంతో నమాజు ముగించి చాప మడిచేసరికి పక్కింటి మిషనక్క గుమ్మంలో నిలబడి ఉంది. బట్టలు కుడుతుంది కాబట్టి వీధిలో అందరికీ మిషనక్కే. నా నమాజు ఎప్పుడవుతుందా అని చెప్పులు విప్పేసి, ఎండలో కాలు మార్చి కాలు వేస్తూ కాచుకుని ఉంది.

"చెల్లీ, ఒక్క గంగాళం ఇస్తావా? రేపు ట్యాంకరు వస్తుందిగా. నాకున్నవి రెండు బిందెలు. అమ్మ మంచం మీంచి లేవదు, రోజుకి రెండుసార్లు తుడవాలి, పక్కబట్టలు తడపాలి. రెండు బిందెలు రెండో రోజుకే అయిపోతున్నాయి."

వాకిట్లోనే మూడు గంగాళాల నిండా నీళ్ళున్నాయి. ఆమె వాటిని చూడకుండా నా మొహమే చూస్తూ అడిగింది.

"అన్నీ బుక్కయిపోయాయక్కా," అన్నాను.

"పాతదైనా పర్లేదు. కళాయి పోయినదైనా పర్లేదు. తాగడానికి కాదుగా."

"నా చేతిలో లేదక్కా. ఒకరికిస్తే వీధంతా వస్తుందంటారు ఆయన."

"అదీ నిజమేలే," అందామె. నాకు ఇబ్బంది కలిగించినందుకు తనే నొచ్చుకున్నట్టు నవ్వి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. నేను పాలు దించడానికి వెళ్ళాను. పొంగలేదు. సమయానికి వచ్చానని సంతోషించాను కూడా.

*

మర్నాడు కళాయి మామ వచ్చాడు. మా మామగారి స్నేహితుడు. మా ఆయనకి బాబాయ్, నాకు మామ, మా అమ్మాయికి కళాయి తాత. ఏటా వేసవిలో వచ్చి నాలుగైదు రోజులు మా వాకిట్లో గుంట తవ్వి, తిత్తి పెట్టి, రాగి సామానంతటికీ కళాయి వేసి పోతాడు. తోమడానికి నీళ్ళు లేక ఆ ఏడు ఇసుకా బూడిదతోనే కానిచ్చాడు. గిన్నెలోకి దిగి, గోడ పట్టుకుని, రెండు పాదాలతో అటూ ఇటూ తిరుగుతూ ఇసుక తొక్కుతుంటే మా అమ్మాయి విరగబడి నవ్వేది. దానికప్పుడు పదేళ్ళు.

గిన్నె నిప్పుల మీద ఎర్రగా కాగాక నవాసారం చల్లుతాడు. తెల్లటి పొగ లేస్తుంది. తగరం కడ్డీ ఒక్కసారి అలా తాకించి, దూదిపట్టుతో ఇలా తుడుస్తాడు. నల్లగా చిలుము పట్టి ఉన్న అడుగు మీద తెలుపు పరుచుకుంటూ పోతుంది, చీకటిగదిలో ఎవరో కిటికీ తీసినట్టు. ఎన్నిసార్లు చూసినా నా చేతిలో పని ఆగిపోయేది.

"తాతా," అంది మా అమ్మాయి, తిత్తి ఊదుతూ. "కొట్టులో చట్రం ఉందే, దాంట్లో ఏముందో నీకు తెలుసా? నాన్నా నానమ్మా దానికోసమే కొట్టుకుంటున్నారు. ఇద్దరికీ చదవడం వచ్చు, అర్థం రాదు."

"నాకొచ్చు," అంది అత్తయ్య అరుగు మీంచి. "బరకత్ కోసం, వ్యాపారం వృద్ధి కావడానికి పెట్టే సూరా అది."

కళాయి మామ పట్టకారు కింద పెట్టాడు. "బరకత్‌కా? ఎవరు చెప్పారొదినా?"

"ఎవరు చెప్పాలి? కొట్టులో పెట్టుకునేది ఇంకెందుకుంటుంది?"

ఆయన నవ్వలేదు. చేతికున్న బూడిద పంచెకి తుడుచుకున్నాడు. "అమ్మా నాన్నా లేని పిల్లల్ని పెంచే చోట పెరిగానమ్మా నేను. మా ఉస్తాదు మాకు అన్నిటికంటే ముందు నేర్పిన సూరా ఇదే. ఇది మీ సూరా రా అనేవాడు. ఎందుకో విను." అని మా అమ్మాయి వైపు తిరిగాడు. "తీర్పు రోజు అబద్ధం అనేవాణ్ణి చూశావా, అని అడుగుతుంది మొదటి వాక్యం. ఎవడు వాడు? నీకేమనిపిస్తుంది?"

"నమాజు చెయ్యనివాడు," అంది అది ఠక్కున.

"అందరూ అలాగే అనుకుంటారు. కానీ రెండో వాక్యం ఏమంటుందంటే, అనాథని గెంటేసేవాడే వాడు. మూడోది, లేనివాడికి తిండి పెట్టమని పక్కవాళ్ళకైనా చెప్పనివాడు. ఆ కాలంలో ఒక పెద్దమనిషి ఉండేవాడట. వారంవారం ఒంటెని కోయించి అందరికీ పెట్టేవాడు. ఒకరోజు ఒక అనాథ పిల్లవాడొచ్చి కాస్త మాంసం అడిగితే కర్రతో కొట్టి తరిమాడు. ఈ సూరా వాడి గురించే దిగిందని కొందరు పెద్దలు చెప్పారు. ఇంకొందరు వేరే పేర్లు చెప్పారు. సూరాలో మాత్రం ఏ పేరూ లేదు."

"ఎందుకు లేదు?"

"ఏమో. పేరుంటే మనం కాదులే అనుకుని పడుకుంటామని కాబోలు." కాసేపు నిప్పుల వంక చూసి అన్నాడు, "ఇక నాలుగో వాక్యం. 'ఫవైలుల్లిల్ ముసల్లీన్.' నాశనం! ఎవరికి? దొంగలకా? హంతకులకా? కాదు. నమాజు చేసేవాళ్ళకి."

జపం చేసుకుంటున్న అత్తయ్య చేతిలో తస్బీహ్ పూసలు ఆగిపోయాయి.

"అక్కడితో వాక్యం అయిపోతుందొదినా. ఆగి ఊపిరి తీసుకోవాలి. అక్కడ మా ఉస్తాదు ఎంతసేపు ఆగేవాడంటే, ముప్ఫై మంది పిల్లలం బిక్కచచ్చిపోయేవాళ్ళం. ఆ తర్వాత చెప్పేవాడు. తమ నమాజు గురించి తామే ఏమరుపాటుగా ఉన్నవాళ్ళకి. నలుగురికీ చూపించుకోడానికి చేసేవాళ్ళకి. ఆఖరిది, మాఊన్ ఇవ్వనివాళ్ళకి."

"మాఊన్ అంటే?" అడిగింది మా అమ్మాయి.

"ఇదుగో," అని కళాయి మామ లేచాడు. ఎదురుగా ఉన్న బకెట్టు మీద వేలితో కొట్టాడు, టంగుమంది. "ఇది." బిందె మీద కొట్టాడు. "ఇది." గుండిగ మీద కొడితే వాకిలంతా మోగింది. "ఇది. ఆ గరిటె. ఈ చట్టి. కొందరు జకాత్ అన్నారు, ఏటా లేనివాళ్ళకి ఇచ్చే దానం, అదీ నిజమే. కానీ ప్రవక్త దగ్గర మెలిగిన ఒకాయన చెప్పాడట, మా రోజుల్లో మాఊన్ అంటే బావి చేద, వంటగిన్నె లాంటివి అడిగినవాళ్ళకి ఇవ్వడం అనే అనుకునేవాళ్ళం అని. ఇరుగుపొరుగు చెయ్యిచాపి అడిగి, వాడుకుని, మళ్ళీ తెచ్చిచ్చే వస్తువు. సూది, ఉప్పు, గొడ్డలి. అంత చిన్నది. ఆకాశం నుంచి దిగిన మాట, అమ్మా, వచ్చి వచ్చి ఒక గిన్నె దగ్గర ఆగింది."

వాకిట్లో వరసగా బోర్లించిన గిన్నెలు ఎండకి మెరుస్తున్నాయి. పదమూడేళ్ళుగా నేను తోమి, తుడిచి, దొంతులు పెట్టినవి. వాటి పేరు ఖురాన్‌లో ఉంది. రోజూ ఏదో ఒక పూట నా నోట్లోంచే ఆ పేరు వెళ్తోంది, నాకు తెలీదు. నిన్న మధ్యాహ్నం ఆ మాట చదివి ముగించి, చాప మడిచి, అదే నోటితో అన్నీ బుక్కయిపోయాయక్కా అన్నాను. ఆమె ఎండలో కాచుకుని ఉంది, నేను ఆ సూరా పూర్తి చెయ్యడం కోసం.

అత్తయ్య అరుగు దిగి వచ్చింది. "మరి మీ అన్న దాన్ని కొట్టులో ఎందుకు పెట్టాడు?"

"మొదటి గుండిగ కొన్న రోజునే రాయించుకున్నాడు. తల వెనక పెట్టించుకోరా, దర్జాగా ఉంటుందని నేనే అన్నాను. గిన్నెలు అద్దెకిచ్చేవాడికి అది వెనకుంటే పని జరగదు, ఎదురుగా ఉండాలి అన్నాడు. నిచ్చెన పట్టుకుంది నేనే."

*

సాయంత్రం పక్కింటికి వెళ్ళాను. తలుపు ఓరగా వేసి ఉంది. "లోపలికి రా చెల్లీ. కానీ కిందకి చూసుకుంటూ అడుగెయ్యి," అంది మిషనక్క.

పొద్దున ట్యాంకరు వచ్చి వెళ్ళింది. ఆమె ఇంట్లో నీళ్ళు పట్టగలిగే వస్తువు ఒక్కటి కూడా ఖాళీగా లేదు. గోడవెంట గ్లాసులు, కంచాలు, గిన్నెల మూతలు, సీసాలు, డబ్బాలు. దారాలు పెట్టుకునే రేకుపెట్టెలో నీళ్ళు. మిషను మీది చెక్కమూత తిరగేసి, లోపల ప్లాస్టిక్ గుడ్డ పరిచి, దాంట్లోనూ నీళ్ళు. చెక్క ఉబ్బి ఒక మూల విచ్చుకుంది. కింద చిన్న మడుగు కట్టిన చోట ఇంకో కంచం పెట్టింది. గది మధ్యలో పాదం పట్టేంత దారి వదిలింది, మంచం దాకా, మిషను దాకా.

పడమటి కిటికీలోంచి ఎండ పడుతోంది. అన్ని గ్లాసుల్లోంచీ, కంచాల్లోంచీ వెలుగు లేచి పైకప్పు మీద వణుకుతోంది. మంచం మీద ముసలమ్మ కళ్ళు విప్పుకుని దాన్నే చూస్తోంది.

"మా అమ్మకి సినిమా," అంది మిషనక్క. "ఇల్లంతా ఇలా పేర్చడానికి రెండు గంటలు పట్టింది. ట్యాంకరువాడు తిట్టినతిట్టు తిట్టకుండా తిట్టాడు, గ్లాసులతో వరసలో నిలబడతారా అని. నవ్వొచ్చిందనుకో."

నాకు నవ్వు రాలేదు. "గంగాళం తెచ్చిస్తానక్కా. ఇప్పుడే తెస్తాను."

"వద్దులే. మీ ఆయనకి తెలిస్తే నువ్వు మాటపడతావు. నా సంగతి నడిచిపోతోందిగా." ఒక కంచం అంచు మీద వాలిన ఈగని తోలింది. "నిన్న అడక్కుండా ఉండాల్సింది. నమాజులోంచి లేచిన మనిషిని పట్టుకుని అడిగాను."

నేను ఆ సన్నటి దారిలో నిలబడి ఉన్నాను. ఎటు కదిలినా ఒక గ్లాసు ఒలుకుతుంది.

*

మా ఆయన రాగానే కాళ్ళు కడుక్కోనివ్వకుండా చెప్పేశాను. ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. నేను చేసింది మాత్రమే చెప్పాను. సూరా చదివాను, ఆమెకి లేదన్నాను, ఆ సూరాలో ఇది ఉంది.

ఆయన చెప్పులు విప్పుతూ అంతా విన్నాడు. తర్వాత మొహం విప్పారింది. వ్యాపారస్తుడికి ఆలోచన తట్టినప్పుడు విప్పారే తీరు నాకు తెలుసు.

"ఒక పని చేద్దాం. వెనక గదిలో పాతవి పది ఉన్నాయి, హాలుకి పనికిరావు. అవి వీధిలో పెడదాం. పైన గుడ్డ బ్యానరు కట్టిద్దాం. 'ఉచిత నీటిపాత్రల సేవ', కింద కొట్టు పేరు. ఫొటో తీయిస్తే పేపర్లో కూడా..."

"నాన్నా," అంది మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తకుండా. "చూపించుకోడానికి చేసేవాళ్ళు అని కూడా ఉంది. అది ఆరోది. గిన్నె ఏడోది."

అత్తయ్య ఇన్ని రోజుల మౌనం మర్చిపోయి గట్టిగా నవ్వేసింది. "విన్నావురా? ఆరోదాంట్లో పడి ఏడోదాంట్లోంచి లేవాలని చూస్తున్నాడు నా కొడుకు."

"అందరూ పండితులైపోయారు ఈ ఇంట్లో," అని ఆయన లేచాడు. "కొట్టు మూతపడితే రేపు ఏ వాక్యం అన్నం పెడుతుందో అది కూడా చూసి చెప్పండి." చెప్పులు వేసుకుని కొట్టులోకి వెళ్ళిపోయాడు. ఆయన అడిగిన దాంట్లోనూ తప్పు లేదు.

తర్వాత రెండు రోజులూ కళాయి పని సాగింది. రంగు వేసేవాడు చట్రం ఎప్పుడు దించాలని అడిగితే, మిగతాదంతా వెయ్యవయ్యా అని మా ఆయన కసిరాడు. ఒకసారి టీ ఇవ్వడానికి వెళ్ళి వెనక గుమ్మంలోనే ఆగిపోయాను. ఆయన వాళ్ళ నాన్న కూర్చునే చోట కూర్చుని, పైకి చూస్తూ, చిన్నపిల్లవాడు అక్షరాలు కూడబలుక్కున్నట్టు పెదాలు కదుపుతున్నాడు. పక్కన కళాయి మామ ఒక్కో మాటా చెబుతున్నాడు. నేను టీ తీసుకుని వెనక్కి వచ్చేశాను.

రెండో రోజు సాయంత్రం మేనేజరు వచ్చాడు. గిన్నె గిన్నెలో మొహం చూసుకున్నాడు. "అద్దాల్లా ఉన్నాయండీ! ఇవి చాలు. ఎల్లుండి పొద్దున్నే వాన్ పంపిస్తాను." వెళ్ళబోతూ గుమ్మం దగ్గర తలెత్తాడు. "ఇదేంటి, ఇంత బాగుంది, ఇక్కడ దాచారు? ఏం రాసుందండీ?"

మా ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. నేను వెనక గుమ్మంలోంచి చూస్తున్నాను. బేరం మాట్లాడేటప్పుడు తడుముకోని మనిషి.

"గిన్నెల గురించి," అన్నాడు చివరికి.

"భలే! మీ వ్యాపారానికి తగ్గట్టే పట్టారు," అని మేనేజరు నవ్వి, చెయ్యి కలిపి, వెళ్ళిపోయాడు. మా ఆయన ఆ చెయ్యి అలాగే చాపి కాసేపు నిలబడ్డాడు.

*

మర్నాడు పొద్దున్నే ఎక్కడికో వెళ్ళి, మధ్యాహ్నం భోజనాల వేళకి వచ్చాడు. అందరం కూర్చున్నాం. కళాయి మామకి అదే ఆఖరి భోజనం, సాయంత్రం బయలుదేరుతున్నాడు. మా అమ్మాయి అన్నంలో వేళ్ళతో కాలవలు తవ్వుతోంది.

"రేపు వాన్ రాదు," అన్నాడు మా ఆయన, ఉప్పు ఇటివ్వమన్నంత మామూలుగా.

వడ్డిస్తున్న అత్తయ్య చెయ్యి ఆగింది. "ఏం, మళ్ళీ వాయిదా వేశారా?"

"రావద్దని నేనే చెప్పొచ్చాను. వేరే కొట్టు చూసుకుంటామన్నారు. చూసుకోండన్నాను."

అందరికంటే ముందు భయపడింది నేనే. "మరి ఏడాదంతా ఎలా?" అనేశాను. అన్నాక మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నాకూ తెలీదు," అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఎండలు తగ్గి కుళాయిలొచ్చేదాకా సామానంతా వీధికే. మంచివి, పాతవి అని ఏరొద్దు. ట్యాంకరు రేపు ఏడింటికొస్తుంది. ఆరింటికల్లా అన్నీ వీధి అరుగు మీద పెట్టేద్దాం. బ్యానర్లు, ఫొటోలు ఏమీ లేవు."

"సొట్టలు పడతాయిరా," అంది అత్తయ్య. అడ్డు చెబుతున్నట్టు లేదు, ఆఖరిసారి అడిగి చూస్తున్నట్టుంది.

"పడతాయమ్మా."

"కళాయి వెయ్యడమే నా పని. సొట్టలు తియ్యడం నాకు రాదు, ముందే చెబుతున్నా," అన్నాడు కళాయి మామ. చెంగుతో కళ్ళొత్తుకుంటూనే అత్తయ్య ఆయన కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది.

మా ఆయన నా వైపు తిరిగాడు.

"పక్కింటికి పెద్ద గంగాళం. అది రేపటిదాకా ఆగక్కర్లేదు, తిన్నాక తీసుకెళ్ళు. బరువుగా ఉంటుంది, వీధి దాకా నేను పట్టుకుంటాను." ఒక ముద్ద కలుపుకుని, తినకుండా ఆగాడు. "ఆవిడ గుమ్మంలోకి మాత్రం నువ్వే పట్టుకెళ్ళాలి. అడిగింది నిన్ను."